ముఖ్‌బిర్ చెప్పని సంగతులు

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పాత ముస్లిం కుటుంబాలలో నేటికీ అటక మీదనో, మంచం కిందనో ఒక రేకు పెట్టె కనిపిస్తుంది. తెరిస్తే మడతల వెంట చిరుగుతున్న ఉర్దూ కాగితాలు, ఫస్లీ సంవత్సరాల తేదీలు, ఆసఫియా ముద్రలు. తాతగారు తహసీలు కచేరీలో అహల్‌కారుగానో, జంగ్లాత్‌లో చౌకీదారుగానో, కొత్వాలీలో జవానుగానో పనిచేసి ఉంటారు. ఆ కాగితాలను చదవగలిగినవారు ఇంట్లో ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. మనవలు, మనవరాళ్ళు ఖుర్‌ఆన్ చక్కగా పారాయణం చేయగలరు గాని, సర్కారీ గుమాస్తాల గొలుసుకట్టు షికస్తా రాత వారికి కొరుకుడు పడదు.

అలాంటి ఇళ్ళలో పెద్దల నోట మేము చిన్ననాటి నుండి వింటూ వచ్చిన మాట ఒకటుంది: ‘ముఖ్‌బిర్’. ‘ఖబర్’ నుండి పుట్టిన మాట అది. ఖబర్ అంటే కబురు. ముఖ్‌బిర్ అంటే కబురు అందించేవాడు. అర్థంలో దోషమేమీ లేదు. కాని తెలంగాణ పల్లెలో ఆ మాట అనగానే గొంతు తగ్గుతుంది. పోలీసు పటేలు చెవిలో ఎవరి మాట చేరిందో, ఏ రాత్రి ఎవరి తలుపు కొట్టారో తెలిసిన తరం అది. మంచి మాటకు ఇంత చెడ్డ పేరు ఎలా వచ్చింది? ఈ ప్రశ్న మమ్మల్ని ఎనభై ఏళ్ళకు పైగా వెనక్కి, రెండవ ప్రపంచ యుద్ధపు రోజులలోకి, ఆదిలాబాద్ అడవులలోని జోడేఘాట్ గుట్టల వద్దకు తీసుకువెళ్ళింది. అక్కడి నుండి దారి ఎడారులలోకి కూడా సాగింది. ఆ సంగతి తరువాత చెబుతాము.

1940. ఐరోపాలో యుద్ధం మొదలై ఏడాది కావస్తోంది. హైదరాబాదు సంస్థానం బ్రిటిషు వారి పక్షాన యుద్ధానికి ధనమూ, సైన్యమూ సమకూరుస్తోంది. సర్ అక్బర్ హైదరీ నిజాం ప్రభువు కార్యనిర్వాహక మండలికి అధ్యక్షులు. బొల్లారంలోనూ కోఠీలోనూ మకాం ఉన్న బ్రిటిషు రెసిడెంటు పదిహేను రోజులకొకసారి సంస్థానపు స్థితిగతులపై ఢిల్లీకి నివేదికలు పంపేవాడు. ఆ రోజులలో ప్రభుత్వ దృష్టి అంతా పట్టణాల మీదనే. 1938 నాటి స్టేట్ కాంగ్రెసు, ఆర్యసమాజ సత్యాగ్రహాల వేడి ఇంకా చల్లారలేదు. ఆంధ్ర మహాసభలో కొత్త గొంతులు వినిపిస్తున్నాయి. ఎవరు ఏ సభలో మాట్లాడారు, ఏ పత్రిక ఏమి రాసింది, ఏ విద్యార్థి ఎవరిని కలిశాడు అన్నదంతా ఫైళ్ళలోకి ఎక్కుతూనే ఉంది.

ఇన్ని కళ్ళు, ఇన్ని చెవులు ఉన్న సర్కారుకు ఆసిఫాబాదు పైన ఉన్న అడవులలో ఏమి జరుగుతున్నదో మాత్రం తెలియలేదు. బాబేఝరీ, జోడేఘాట్ పరిసర గ్రామాల గోండులు, కోలాములు ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకున్నారు. తాము నరికి సాగులోకి తెచ్చుకున్న నేలను రిజర్వు అడవి అంటూ ఖాళీ చేయించవద్దని వేడుకున్నారు. సంకేపల్లిలో పుట్టిన కుమ్రం భీము వారి తరఫున నిలబడ్డాడు. హైదరాబాదు దాకా వెళ్ళి మొరపెట్టుకున్నాడు. పై నుండి వచ్చిన అనుకూలమైన మాట కిందికి చేరేసరికి మాయమయ్యేది. చౌకీదారు చేతిలో రూపాయలు పడితే తప్ప ఒక సాలు దున్నడానికి వీలులేని స్థితి. చివరకు గుడిసెలు తగలబడ్డాయి. భీమూ, అతని అనుచరులూ జోడేఘాట్ గుట్టల మీదికి చేరారు. అతడు గోండు రాజ్యం స్థాపించబోతున్నాడన్న వార్త మాత్రం చాలా వేగంగా పై అధికారులకు చేరింది. అర్జీలకు లేని కాళ్ళు పుకారుకు ఉన్నాయి మరి. సాయుధ పోలీసులు గుట్ట ఎక్కారు. కాల్పులలో భీము, అతనితో పాటు మరికొందరు గోండులు నేలకొరిగారు. నేడు ఆ జిల్లాయే అతని పేరుతో ఉంది. ఏటా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో వేలాది మంది చేరి అతన్ని స్మరించుకుంటారు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. నిజాం కాలాన్ని గురించి మన ఇళ్ళలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి, అది మనవాళ్ళ హుకూమత్ గనుక అంతా బాగానే ఉండేదన్న మాట. రెండవది, బయటివారు అనేది: ముస్లిం పాలన గనుకనే ఆ దురాగతాలన్నీ జరిగాయని. ఆదిలాబాద్ అడవిని దగ్గరగా చూస్తే రెండూ నిలవవు. గోండు పొలాన్ని తన పేర రాయించుకున్నవాడు బ్రాహ్మణ పట్వారీ కావచ్చు, కోమటి షావుకారు కావచ్చు, మహారాష్ట్ర నుండి గాని కరీంనగరు వైపు నుండి గాని వలస వచ్చిన రైతు కావచ్చు, రోహిల్లా వడ్డీ వ్యాపారీ కావచ్చు. చౌకీదారులలో, అమీనులలో మన పేర్లు పెట్టుకున్నవారూ ఉన్నారు. ఆ రేకు పెట్టెలలోని కాగితాలు కొన్ని అలాంటివే అయి ఉండవచ్చు. దోచుకునే చేతికి మతం లేదు. కాని ఆ చేతిలో ఉన్న ముద్ర మాత్రం సర్కారుది.

పొలాలు ఎలా పోయాయో కొంచెం వివరంగా చెప్పుకుందాం. ఎందుకంటే అసలు కథ తుపాకులలో లేదు, దస్త్రాలలో ఉంది. గోండు రైతు ఒక చెలకను కొన్నేళ్ళు దున్ని, సారం తగ్గగానే దాన్ని బీడుగా వదిలి మరొక చెలకకు మారేవాడు. తేలిక నేలలకు అదే తగిన పద్ధతి. తన తాత దున్నిన నేల తనదే అన్నది వంశంలో అందరికీ తెలుసు. దానికి కాగితం ఉండాలన్న ఆలోచన అతనికి లేదు. సర్వే, బందోబస్తు వచ్చినప్పుడు బీడుగా ఉన్న నేల సర్కారీ భూమిగా నమోదయ్యేది. సాగులో ఉన్నదానికి కూడా పట్టా లేకుండా, ‘శివాయి జమాబందీ’ కింద ఏటేటా శిస్తు మాత్రం వసూలు చేసేవారు. శిస్తు కట్టిన రశీదు హక్కు కాదని అతనికి చెప్పినవారు లేరు. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో రిజర్వు అడవుల సరిహద్దు గీతలు పడ్డాయి. గీత లోపల ఎన్ని ఊళ్ళు ఉన్నాయో గీసిన చేతికి అనవసరం. కాజీపేట నుండి బల్లార్షా వైపు రైలుమార్గం వచ్చింది. బొగ్గు గనులు తెరుచుకున్నాయి, సిర్పూరు వద్ద కాగితపు మిల్లు వెలిసింది. నల్లరేగడిలో పత్తికి ధర పలికింది. నేల విలువ తెలిసినవారు పట్టా పుచ్చుకున్నారు. తెలియనివాడు తన పొలంలోనే పాలేరయ్యాడు.

మరి భాష? కచేరీ భాష ఉర్దూ. పట్వారీ లెక్కలు మరాఠీలోనో తెలుగులోనో. గోండు మాట్లాడేది గోండీ. అతని గోడు అర్జీగా మారేసరికి అర్జీ రాసే మున్షీ మాటల గుండా, అనువదించేవాని గుండా, పేష్కారు గుండా వడకట్టి, చివరకు అతని మాట అందులో ఏమీ మిగిలేది కాదు. ఆదిలాబాద్ జిల్లా పాలనాయంత్రాంగంలో గోండీ తెలిసిన అధికారిని వెదికి పట్టుకోవడం కష్టం. తాము పాలించే ప్రజల భాష తెలియని సర్కారుకు ముఖ్‌బిరే దిక్కు. ముఖ్‌బిరు ఏమి చెబుతాడు? యజమాని భయపడేదే చెబుతాడు. భూమి సంగతి చెబితే బహుమానం రాదు. తిరుగుబాటు సంగతి చెబితే వస్తుంది.

జోడేఘాట్ కాల్పుల తరువాత నిజాం సర్కారు చేసిన ఒక పని మాత్రం ఆ కాలపు ప్రభుత్వాలలో అరుదైనది. అల్లరి అణచివేశాము గదా అని ఊరుకోలేదు. అది ఎందుకు జరిగిందో తెలుసుకోవాలనుకున్నది. ఆ పని అప్పగించిన వ్యక్తి ఎవరో వింటే పాఠకులకు ఆశ్చర్యం కలుగుతుంది. అతడు ప్రభుత్వ అధికారి కాదు. పోలీసు కాదు. అసలు ఆ రోజులలో పోలీసులు కన్నేసి ఉంచవలసిన జాబితాలోని మనిషి.

పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో జన్మించిన మానవశాస్త్రవేత్త. 1936, 37లలో నాగా కొండలలో కొన్యాకుల మధ్య ఉండి పరిశోధన చేశాడు. 1939లో మళ్ళీ ఇండియాకు వచ్చేసరికి యుద్ధం విరుచుకుపడింది. ఆస్ట్రియాను అప్పటికే జర్మనీ కలిపివేసుకున్నది గనుక ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అంటే శత్రుదేశపు పౌరుడు. ఇతర జర్మనులను ముళ్ళకంచెల శిబిరాలలో నిర్బంధించిన కాలమది. ఆయనకు మాత్రం, ఆంగ్ల మిత్రుల పలుకుబడి వల్లనూ నిజాం సర్కారు ఆదరణ వల్లనూ, హైదరాబాదు సంస్థానపు సరిహద్దులే నిర్బంధమయ్యాయి. భార్య బెట్టీ ఆంగ్లేయురాలు. సంస్థానం దాటి పోకూడదు. లోపల మాత్రం అడవులు తిరగవచ్చు. 1940లో నల్లమల చెంచుల వద్ద, 1941లో గోదావరి తీరపు కొండరెడ్ల వద్ద గడిపి, ఆ తరువాత ఆదిలాబాద్ గోండుల వద్దకు చేరారు దంపతులు. ఉట్నూరు ప్రాంతంలో, నేటి జైనూరు మండలంలోని మార్లవాయి అనే చిన్న ఊరిలో గడ్డి కప్పిన ఇంట్లో కాపురం పెట్టారు.

నిఘా కింద ఉన్న మనిషినే నిజం తెలుసుకు రమ్మని పంపడం! విధి చమత్కారాలలో ఇదొకటి.

ఆయన సమాచారం సేకరించిన తీరు ముఖ్‌బిరు తీరుకు పూర్తిగా భిన్నం. గోండీ నేర్చుకున్నాడు. ఇంటింటికీ తిరిగి వంశావళులు రాసుకున్నాడు. గోండుల చరిత్రను కిక్రీ వాయిస్తూ గానం చేసే ప్రధానుల ముందు కూర్చొని వారి పురాణాలు విన్నాడు. పెళ్ళిళ్ళలో, పెర్సా పేన్ పూజలలో, అంత్యక్రియలలో పాల్గొన్నాడు. బెట్టీ స్త్రీల వద్ద కూర్చొని, బయటి పురుషునికి ఎన్నడూ తెలియని సంగతులు విన్నది. ఆమె పేరు పుస్తకాల అట్టల మీద చిన్నగానే కనబడుతుంది. ఆ పని మాత్రం చిన్నది కాదు. ఊరిలో కాపురమున్న మనిషికి ఎవరి పొలం ఎప్పుడు ఎవరి చేతికి పోయిందో ఎవరూ ప్రత్యేకంగా ‘సమాచారం’ ఇవ్వనక్కరలేదు. బావి దగ్గర, చావడి దగ్గర అదే మాట.

ఆయన తేల్చినది ఒక్క ముక్కలో చెప్పవచ్చు: జోడేఘాట్ రాజద్రోహం కాదు, భూమి కోసం ఏడ్చిన ఏడుపు. ఆ మాటను పేర్లతో, ఊళ్ళతో, లంచాల మొత్తాలతో రాసి సర్కారుకే ఇచ్చాడు. మరింత విశేషమేమంటే సర్కారు దాన్ని రహస్యపు అరలో దాచలేదు. 1945లో రెవెన్యూ శాఖే ఆయన నాలుగు నివేదికలను ‘ట్రైబల్ హైదరాబాద్’ పేరుతో అచ్చువేయించింది. తొలిపలుకు రాసినది డబ్ల్యూ.వి. గ్రిగ్సన్. ఆయన అప్పట్లో నిజాం మండలిలో రెవెన్యూ, పోలీసు శాఖల సభ్యుడు. పూర్వం బస్తరులో పనిచేసి అక్కడి మరియా గోండులపై పెద్ద గ్రంథం రాసినవాడు. భూమి ఫైలూ, తుపాకీ ఫైలూ ఒకే బల్ల మీదికి వచ్చే చోట గోండులను ఎరిగిన మనిషి కూర్చొని ఉండడం కేవలం అదృష్టమే అనాలి. వేరొకరు కూర్చొని ఉంటే ఆ నివేదిక గతి ఏమయ్యేదో!

ఇప్పుడు ఎడారి సంగతి.

ప్రభుత్వాలు తెగల మధ్యకు పండితులను పంపడం ఆదిలాబాద్‌తో మొదలు కాలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1916లో, బ్రిటిషు వారు కైరోలోని సవాయ్ హోటలులో ‘అరబ్ బ్యూరో’ అనే కార్యాలయం తెరిచారు. దాని పెద్ద డేవిడ్ హోగార్త్ అనే పురావస్తు శాస్త్రవేత్త. టి.ఇ. లారెన్స్ కూడా తవ్వకాల నుండి వచ్చినవాడే. గెర్‌ట్రూడ్ బెల్ అనే విదుషీమణి అదే ఏడు బస్రా చేరింది. అరబీ, ఫార్సీ ధారాళంగా తెలిసిన ఆమె ఎడారి తెగల షేకుల పేర్లు, వారి వైరాలు, వియ్యాలు, నీటి బావులు, ఒంటెల దారులు కాగితం మీదకు ఎక్కించింది. ఆ బ్యూరో ‘అరబ్ బులెటిన్’ పేరుతో అతి కొద్ది ప్రతులు అచ్చువేసి, రహస్యంగా పెద్ద అధికారులకు మాత్రమే పంచేది. అంతకు ముందే, మన కలకత్తా ప్రభుత్వ ముద్రణాలయంలోనే, లోరిమర్ అనే అధికారి సంకలనం చేసిన పర్షియన్ గల్ఫ్ గెజిటీరు 1908లో ఒక భాగంగా, 1915లో మరొక భాగంగా వెలువడింది. అది కూడా రహస్య గ్రంథమే. ఏ వాదీలో ఎన్ని ఇళ్ళు, ఎన్ని ఖర్జూర చెట్లు, ఎన్ని తుపాకులు అన్నదాకా అందులో ఉన్నాయి. తమను గురించి అంత వివరంగా రాశారని ఆ ఇళ్ళవారికి మాత్రం తెలియదు.

ఆ జ్ఞానం దేనికి వినియోగపడింది? తుర్కీ సుల్తాను మీద అరబ్బులను తిరగబడేట్లు చేయడానికి. స్వాతంత్ర్యం ఇస్తామన్న మాట ఒక చేత్తో ఇస్తూ, అదే 1916లో మరొక చేత్తో సైక్స్, పికో అనే ఇద్దరు అధికారుల పేరుతో ప్రసిద్ధమైన ఒప్పందంలో ఆ నేలను ఫ్రాన్సుతో పంచుకోవడానికి. 1920లో ఇరాక్ తిరగబడింది. ఆ తరువాత అక్కడ బ్రిటిషు వాయుసేన తెగల మధ్య ప్రత్యేక అధికారులను నియమించింది. వారు గుర్రాల మీద, ఒంటెల మీద తిరుగుతూ పటాలు గీసేవారు, షేకులతో కాఫీ తాగేవారు. పన్ను కట్టని తెగ ఏదో, దాని ఊరు ఆకాశం నుండి ఎలా గుర్తుపట్టాలో కూడా వారే రాసి పంపేవారు. ఆతిథ్యం ఇచ్చిన ఇంటి మీద బాంబు పడటానికి ఆ కాఫీ కప్పు దగ్గరి సంభాషణే ఆధారమయ్యేది.

మన హైదరాబాదుకు మరీ దగ్గరి ఎడారి ఒకటుంది. బార్కస్ పేరు విననివారుండరు. నిజాం ఫౌజులో చేరడానికి నేటి యెమెను తూర్పు భాగంలోని హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల ‘బ్యారక్స్’ అది. అలా వచ్చినవారిలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ జమేదారుగా ఎదిగి, ఇక్కడ గడించిన ధనంతో అక్కడ పట్టణాలు సంపాదించాడు. ఆయన వంశమే షిహ్ర్, ముకల్లా సుల్తానులు. 1936లో సింహాసనమెక్కిన సుల్తాన్ సాలిహ్ బిన్ గాలిబ్ హైదరాబాదు వాతావరణంలో పెరిగిన విద్వాంసుడు. ఆయన రాజ్యంలోనే హెరాల్డ్ ఇంగ్రామ్స్ అనే బ్రిటిషు అధికారి భార్య డోరీన్‌తో కలిసి ఊరూరా తిరిగాడు. నిరంతరం కొట్లాడుకునే తెగల పెద్దలను ఒప్పించి, 1937లో వెయ్యికి పైగా సంతకాలతో మూడేళ్ళ సంధి కుదిర్చాడు. దానికి ప్రజలు ‘ఇంగ్రామ్స్ సంధి’ అని పేరు పెట్టుకున్నారు గాని, సయ్యిద్ అబూబక్ర్ అల్ కాఫ్ అనే స్థానిక ధనికుడు తన సంపదను అందులో ధారపోయకపోతే అది కుదిరేది కాదు. ఆ సంధి వెనుక కూడా విమానాల నీడ ఉంది. మాట వినని తెగలపై బాంబులు పడ్డాయి. అదే ఏడు సుల్తాను బ్రిటిషు సలహాదారును అంగీకరించే ఒడంబడికపై సంతకం చేశాడు.

యుద్ధంలో జావా జపాను చేతికి చిక్కింది. అక్కడి నుండి హద్రమీ కుటుంబాలకు వచ్చే సొమ్ము ఆగిపోయింది. 1943, 44లలో ఆ వాదీలలో కరువు కరాళనృత్యం చేసింది. డోరీన్ ఇంగ్రామ్స్ ఆకలితో ఉన్న పిల్లలకు అన్నం పెట్టే పనిలో పడింది. ఏ ఊరిలో ఎన్ని ప్రాణాలున్నాయో, ఏ దారి ఎటు పోతుందో ఆ దంపతులు సేకరించిన లెక్క అప్పుడు ధాన్యం చేర్చడానికి పనికి వచ్చింది. బాంబుకూ, రొట్టెకూ ఒకే పటం!

ఇక్కడ మాకు హజ్రత్ ఉమర్ (రజి) గురించి పెద్దలు చెప్పే రెండు ఉదంతాలు స్ఫురిస్తాయి. ఒక రాత్రి గస్తీలో ఒక ఇంటి నుండి అనుమానాస్పదమైన శబ్దం విని ఆయన గోడ ఎక్కి లోపలికి దిగారట. లోపల మద్యంతో పట్టుబడిన మనిషి తడుముకోకుండా బదులిచ్చాడు: నేను చేసింది ఒక తప్పు, మీరు చేసినవి మూడు. కూపీ లాగారు, ద్వారం గుండా రాలేదు, అనుమతి అడిగి సలాం చెప్పకుండానే లోపలికి వచ్చారు. ‘అల్ హుజురాత్’ సూరాలో ఆరా తీయడాన్ని వారించిన ఆజ్ఞ ఖలీఫాకు తెలియనిది కాదు. ఆయన వెనుదిరిగారు. మరొక రాత్రి అదే గస్తీలో, పిల్లల ఆకలి మరిపించడానికి పొయ్యి మీద ఉత్త నీరు మరిగిస్తున్న తల్లిని చూసి, బైతుల్‌మాల్ నుండి పిండి బస్తాను తన వీపు మీదనే మోసుకువచ్చారు. నగరం అదే, చీకటి అదే, నడిచిన పాదాలవీ అవే.

హైమన్‌డార్ఫ్ నడక ఏ రాత్రిది? న్యాయంగా చెప్పాలంటే రెండూ కలిసినది. ఆయనను పంపినది అల్లరి మళ్ళీ లేవకూడదన్న సర్కారు భయమే. యుద్ధకాలంలో అడవి ప్రశాంతంగా ఉండడం పాలకులకు అవసరం. 1944లో ఢిల్లీ ప్రభుత్వపు విదేశాంగ శాఖ, నాలుగేళ్ళ క్రితం శత్రుపౌరుడిగా ఎంచిన ఈ మనిషినే ప్రత్యేక అధికారిగా నియమించి, టిబెట్టు అంచున ఉన్న సుబన్‌సిరి కొండలలో తెగల వివరాలు తెలుసుకు రమ్మని పంపింది. అక్కడ వారికి కావలసింది సరిహద్దు. ఆ పని స్వచ్ఛమైన పాండిత్యమని ఎవరూ అనలేరు. ఆదిలాబాద్‌లో కూడా ఆయన వెనుక సర్కారు ఉన్నదని గోండులకు తెలుసు. కాని తెలిసే చెప్పుకున్నారు. ఆ చెవి వెనుక సంతకం పెట్టే చెయ్యి ఉన్నదనే చెప్పుకున్నారు. ముఖ్‌బిరు తానెవరో దాచిపెడతాడు, చెప్పినవాడికి తెలియకుండానే మాటను అమ్ముకుంటాడు. ఈ తేడా చిన్నదిగా కనిపించవచ్చు. మాకు మాత్రం అదే ప్రధానమనిపిస్తుంది.

ఫలితాలు కూడా కాగితం మీదనే ఆగలేదు. ‘లావణీ ఖాస్’ పేరుతో ప్రత్యేక నిబంధనలు వచ్చి, వెల లేకుండా పట్టాలు ఇవ్వడం మొదలైంది. కొన్నేళ్ళలో ఆదిలాబాద్ జిల్లాలో పదకొండు వేలకు పైగా గిరిజన రైతులకు లక్ష ఎకరాలకు మించిన భూమి దక్కింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం తెరుచుకుంది. తొలిసారిగా గోండీలో, దేవనాగరి లిపిలో వాచకాలు తయారయ్యాయి. పిల్లవాడు మొదట తన తల్లి భాషలో అక్షరం దిద్ది, ఆ తరువాత కచేరీ భాషలోకి వెళ్ళాలన్నది పథకం. ఈ పనిలో సేతుమాధవరావు పగడీ అనే యువ అధికారి పాత్ర మరువలేనిది. హైదరాబాదు సివిల్ సర్వీసుకు చెందిన ఆయన ఫార్సీ, ఉర్దూలలో దిట్ట. అడవికి వచ్చి గోండీ నేర్చి, దానికి వ్యాకరణం రాశాడు. ఫార్సీ చదివినవాడు గోండీ నేర్చుకోవడం చిన్నతనం అనుకోలేదు. 1356 ఫస్లీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది.

ఆ తరువాతి కథను మేము వేగంగానే చెబుతాము, ఎందుకంటే అందులో చాలా భాగం పాఠకులు ఎరిగినదే. కరీంనగర్, నల్గొండ, వరంగల్ పల్లెలలో సాయుధపోరాటం రగిలింది. అక్కడ సర్కారు మళ్ళీ పాత చెవినే వాడింది. ముఖ్‌బిర్ల మాట, సోదాలు, కాల్పులు. 1948 మార్చిలో హుస్నాబాదు దగ్గర మహమ్మదాపూర్ గుట్టలలో అనభేరి ప్రభాకరరావు, ఆయన సహచరులు కాల్పులలో మరణించారు. గోదావరికి ఆ ఒడ్డున, భూమి ఇస్తే అడవి చల్లబడిన సంగతి అదే సర్కారు దస్త్రాలలో ఉంది. ఈ ఒడ్డున ఆ దస్త్రం ఎవరూ తెరవలేదు. సెప్టెంబరులో సంస్థానమే ముగిసింది.

పట్టాలు దక్కిన తరం పోయింది. కొత్త వలసలు, కొత్త రోడ్లు, కొత్త అప్పులు వచ్చాయి. భూమి బదలాయింపును నిషేధించే 1959 నాటి రెగ్యులేషన్ తెలంగాణకు 1963లో వర్తించింది, 1970లో మరింత గట్టిపడింది. అమలు మాత్రం నత్తనడక. లండన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన హైమన్‌డార్ఫ్ 1970ల చివర మళ్ళీ వచ్చి చూశాడు. తాను దగ్గరుండి ఇప్పించిన పొలాలలో ఇతరులు నాగళ్ళు కట్టడం చూసి, ఆ దుఃఖాన్ని 1982లో వెలువడిన గ్రంథంలో రాసుకున్నాడు. అంతకు ఏడాది ముందే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లి సంత రోజున భూమి గురించి సభ పెట్టుకోవడానికి వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన మృతుల సంఖ్య 13. ప్రజలు చెప్పుకునేది దానికి ఎన్నో రెట్లు. జోడేఘాట్ నాటి సర్కారు ఉర్దూలో రాసేది, ఈ సర్కారు తెలుగులో రాసింది. గోండీ రాని చెవి మాత్రం అదే.

బెట్టీ 1987లో హైదరాబాదులో కన్నుమూసింది. ఆమె కోరిక మేరకు మార్లవాయిలోనే సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండనులో మరణించాడు; ఆయన చితాభస్మం కూడా తరువాత ఆ సమాధి పక్కకే చేరింది. ఏటా జనవరిలో గోండులు అక్కడ చేరి వారిద్దరినీ స్మరించుకుంటారు.

ఆ దంపతుల కాలం నుండి మిగిలి ఉన్నది మరొకటి ఉంది. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతరలో, 1940లలో హైమన్‌డార్ఫ్ ప్రోత్సాహంతో ఒక దర్బారు మొదలైంది. గిరిజనులు కచేరీకి రాలేరు గనుక, వారంతా ఎలాగూ కూడే చోటికి కచేరీయే రావాలన్నది ఆలోచన. అధికారులు వేదిక మీద కూర్చుంటారు, ఎవరైనా లేచి తమ మాట అందరి ముందూ బిగ్గరగా చెప్పవచ్చు. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, జిల్లాలు ముక్కలయ్యాయి. దర్బారు మాత్రం ఇంకా జరుగుతూనే ఉంది. కలెక్టరు వస్తాడు, మంత్రులు వస్తారు. జనం లేచి నిలబడి అర్జీలు అందిస్తారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వచ్చిన తరువాత కూడా వాటిలో ఎక్కువ భాగం పోడు భూమి పట్టాల కోసమే. ఇప్పుడవి తెలుగులో ఉంటున్నాయి. మాట్లాడేవారు మాత్రం చాలామంది గోండీలోనే మాట్లాడతారు, పక్కన ఒకరు నిలబడి అధికారులకు దాన్ని తెలుగు చేసి చెబుతుంటారు.